ఇరీని ఓడలో రెండో పడక

నాఫ్ప్లియో రేవు
30 మార్చి 1985, శనివారం

నా బంగారు తల్లి అనేజాకు,

నాన్న నీ రెండు బుగ్గలూ ముద్దు పెట్టుకుని రాసేది. ఎక్కేశానే తల్లీ! నువ్వు పంపిన టికెట్టు జేబులో పెట్టుకుని, అమ్మ ఫొటో పెట్టెలో పెట్టుకుని, నిన్న పిరయస్‌లో ఇరీని ఓడ ఎక్కేశాను. చిన్న ఓడ. మన సీరోస్‌కి వచ్చే పెద్ద ఓడల పక్కన నిలబెడితే కోడి పక్కన పిచ్చుకలా ఉంటుంది. కానీ ఎంత ముచ్చటైన పిచ్చుకో! ఇత్తడి కడ్డీలన్నీ అద్దాల్లా తోమారు. నా ముఖం చూసుకుని నేనే గుర్తుపట్టలేదు. కాలరు వేసుకున్నాను మరి.

పదహారో ఏట ఎర్మూపోలి రేవుగట్టు మీద నిలబడ్డవాణ్ణి. వచ్చిన ఓడ విసిరిన మోకు అందుకుని ఇనప గుంజకి తగిలించడం, పోయేటప్పుడు విప్పి నీళ్ళలోకి వదలడం, ఇదేగా నా బతుకంతా. ఎన్ని ఓడలు కట్టానో ఆ దేవుడికే తెలుసు. ఒక్కదానిలోనైనా షికారుకి ఎక్కానా? పిరయస్‌కి తెచ్చిన ఓడలో రాత్రి చీకట్లో ఏమీ కనపడలేదు, నిన్న మొదటిసారి తెలిసింది తల్లీ, ఓడలో ఉంటే ఊరే వెనక్కి నడుస్తుంది!

ఓడ కదిలేటప్పుడు అలవాటు కొద్దీ గట్టువైపు చూశాను, మోకు ఎవడు విప్పుతున్నాడా అని. ఎవడో మీసాలవాడు. విప్పి, చెయ్యి ఊపాడు. ఇన్నేళ్ళూ నేను ఊపితే ఓడలోవాళ్ళు తిరిగి ఊపారో లేదో ఎన్నడూ చూసుకోలేదు. అందుకని వాడు చీమంత అయిపోయేదాకా ఊపుతూనే ఉన్నాను. పక్కనున్నావిడ నా చెవి దగ్గరికి వంగి, "మీ తమ్ముడా అండీ?" అని అడిగింది. "కాదండీ, మా కులంవాడు" అన్నాను.

ఆవిడ పేరు ఎవాంథియా గారు. వోలోస్ ఊరు. భర్త పోయి చాలా ఏళ్ళయిందట. భోజనాల బల్ల దగ్గర మా ఇద్దరినీ ఎదురెదురుగా వేశారు. ఓడ కూతలు నా చెవుల్ని తినేశాయని నీకు తెలుసుగా, నువ్వు ఫోను చేస్తే "ఆఁ, ఆఁ" అనడం తప్ప నాకు చేతకాదు. ఈవిడ గొంతు మాత్రం అక్షరం పొల్లు పోకుండా వినపడుతుంది. మంచు పట్టినప్పుడు ఓడ కూసినట్టు కూస్తుంది పాపం.

నా గదిలో రెండు పడకలున్నాయి. గోడవైపుది నాది. కిటికీ కిందది నీది, సెలవు దొరికితే పండక్కి వస్తానన్నావుగా. నువ్వు వచ్చేదాకా దాని మీద నా టోపీ కూడా పెట్టను. గది తుడిచేవాడు రెండో దుప్పటి తీసుకుపోతానన్నాడు. "ముట్టుకోకు నాయనా, మా అమ్మాయి దారిలో ఉంది" అన్నాను.

పండగ దాకా మాంసం, పాలు ముట్టని ఉపవాసం పట్టాను. అమ్మ ఉన్నన్నాళ్ళూ ఆవిడ ఉపవాసం, నేను వెక్కిరించడం. ఇప్పుడు వెక్కిరించేవాడు మిగిలాడు, పట్టేది లేదు. అందుకని నేనే పట్టాను. వంటవాడు స్ట్రాటిస్ రోజూ చిక్కుళ్ళు ఉడికించలేక విసుక్కుంటున్నాడు. విసుక్కోనీ.

నేను చాలా సంతోషంగా ఉన్నాను. దిగులు పడకు.

నీ నాన్న
లినార్దోస్

*

జెనోవా
29 మార్చి 1985
(కోర్ఫూ రేవులో ఓడ ఏజెంటుకి: ఇరీని ఓడ ప్రయాణికుడు లినార్దోస్ ప్రిన్‌తేజీస్‌కి అందజేయండి)

నాన్నా,

ఈ ఉత్తరం నీకు కోర్ఫూలో అందుతుందని లెక్క. ఈపాటికి నీ కాళ్ళ కింద ఓడ ఉండి ఉంటుంది. నువ్వు ఓడలో, గట్టు మీద నువ్వు లేవు! ఎంత ఊహించుకున్నా కళ్ళకు కట్టడం లేదు.

కార్ఖానాలో నాకు సెలవు దొరికింది. దొరికిందంటే దొరికింది, మా మేస్త్రీ మనసు మార్చుకునేలోగా కాగితం మీద సంతకం పెట్టించుకున్నాను. వేసవి ముందర కుట్టాల్సిన తెరచాపలన్నీ ఒకేసారి మా మీద పడతాయి, ఒక్క చెయ్యి తగ్గినా గొడవే. అందుకని రాను పోను రైలుకి సరిపడా మాత్రమే. మళ్ళీ వేసవి దాటేదాకా అడగడానికి లేదు. ఉన్నది ఒక్కసారి. దాన్ని పండక్కే వాడుకుంటాను.

ఈస్టరు రోజు నీ ఓడ ఏ రేవులో ఉంటే ఆ రేవుకి వస్తాను. ఏ రేవో వేరే చెప్పాలా, ఓడవాళ్ళిచ్చిన కాగితం నీ దగ్గరా ఉంది, నా దగ్గరా ఉంది. నువ్వు గట్టు మీద నిలబడి ఉండు చాలు. నేను చిన్నప్పుడు బడి నుంచి వస్తూ చూసేదాన్నే, దూరం నుంచే నీ భుజాలు తెలిసేవి. అలా.

నీకు గుర్తుందా, మనింట్లో ముందు నీ చర్చి ఈస్టరు వచ్చేది, ఆ వెనక అమ్మ చర్చి ఈస్టరు. ఏడాదికి రెండుసార్లు ఎర్రరంగు గుడ్డు ఎదుటివాళ్ళ గుడ్డుకి కొట్టి పగలగొట్టే పిల్ల వీధి మొత్తానికీ నేనొక్కదాన్నే. అందరూ కుళ్ళుకునేవాళ్ళు. ఇక్కడ ఎర్రగుడ్లు ఎవరూ చెయ్యరు. పదిహేడేళ్ళుగా నా గుడ్డుకి ఎదురు గుడ్డు లేదు.

ఒంటరిగా ఉన్నావా, తోడు ఎవరైనా దొరికారా? దాచకుండా రాయి. అమ్మ పోయాక వచ్చే మొదటి పండగ. ఆ ఇంట్లో, ఆ బల్ల దగ్గర నువ్వొక్కడివే కూర్చోకూడదనే ఈ టికెట్టు.

అనేజా

*

కోర్ఫూ
3 ఏప్రిల్ 1985, బుధవారం

నా కంటి వెలుగు అనేజాకు,

వస్తున్నావా! వస్తున్నావా! ఏజెంటు ఆఫీసులోనే ఉత్తరం చింపి చదివి, అక్కడున్న గుమస్తా బుర్ర మీద ముద్దు పెట్టాను. బట్టతల. వాడు బిత్తరపోయి తుడుచుకున్నాడు. "మా అమ్మాయి వస్తోందయ్యా" అన్నాను. "రానీయండి, నన్నేం చెయ్యమంటారు?" అన్నాడు. రాతి గుండె.

పండగ రోజు తెల్లవారేసరికి గట్టు మీద ఉంటాను. తిండికి కూడా కదలను. ఇనప గుంజ కదిలితే నేను కదిలినట్టు.

తోడు గురించి అడిగావు. ఒంటరితనమా, ఎక్కడుంది తల్లీ? ఈ ఓడలో ఒంటరిగా ఉందామన్నా ఊపిరి సలపనివ్వరు. పొద్దున్నే కాఫీ, ఆ తర్వాత కబుర్లు, సాయంత్రం పేకాట. ఎవాంథియా గారు పేకాటలో తొండి చేస్తుంది. పట్టుకున్నానంటే, "చెవిటాయన కళ్ళు మాత్రం గద్ద కళ్ళు" అంటుంది. బల్ల బల్లంతా నవ్వు. నన్ను పాట పాడమంటారు, పాడతాను. నా పాట నాకు వినపడదు కాబట్టి బాగానే ఉంటుంది. మొన్న అలలు లేచినప్పుడు అందరూ పడకలు ఎక్కితే నేనూ ఎవాంథియా గారూ మాత్రం గట్టిగా కూర్చుని జున్ను తిన్నాం. ఆవిడ తిన్నది, నేను చిక్కుళ్ళు తిన్నాను.

సిరాకూసాలో ఆదివారం నాడు పాతకాలపు రాతి నాటకశాల చూపించడానికి బస్సు వేస్తారట, ఆ పైన కొండల్లో ఇంకేవో శిథిలాలట. నేను రానన్నాను. రాళ్ళు మన ఊళ్ళో లేవా? ఎవాంథియా గారు వినలేదు. "ముందు సీటు మీకే పట్టాను, నోరు మూసుకుని ఎక్కండి" అంది. సరేలే, ఎక్కుతాను. ఊరికే గదిలో కూర్చుని ఏం చెయ్యను?

ఈ కోర్ఫూ కోట కింద ఒక గట్టు ఉంది తల్లీ, వెనీసువాళ్ళు కట్టారట. గుంజలు రాతివి. మోకులు ఒరిసి ఒరిసి మెడలు సన్నబడ్డాయి. చెయ్యి వేసి నిమిరాను. ఎన్ని వందల ఏళ్ళుగా ఎంతమంది నాలాంటివాళ్ళు తగిలించారో, విప్పారో. వాళ్ళ పేర్లు ఏ పుస్తకంలోనూ ఉండవు. కోట కట్టినవాడి పేరు మాత్రం మాకు ఊరు చూపించే తెల్లకోటు అబ్బాయి మూడుసార్లు చెప్పాడు. మూడుసార్లూ నాకు వినపడలేదు.

నీ పడక దగ్గర ఒక నారింజపండు పెట్టాను, నాఫ్ప్లియోది. నువ్వొచ్చేసరికి వాడిపోతే ఇంకోటి పెడతాను.

పొంగిపోతున్న నీ నాన్న
లినార్దోస్

*

సిరాకూసా
8 ఏప్రిల్ 1985, సోమవారం

నా చిట్టి అనేజాకు,

నిన్న బస్సెక్కాను. ముందు సీటు. దారంతా పాడాను, అందరూ చప్పట్లు కొట్టారు. చప్పట్లు కనపడతాయిగా, సంతోషం. నాటకశాల మెట్లన్నీ కొండనే తొలిచి చేశారు. పై మెట్టు మీద కూర్చుంటే కింద గుసగుసలాడినా వినిపిస్తుందట. ఎవాంథియా గారు కిందికి దిగి ఏదో అంది. నాకు వినపడలేదు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఏమన్నదో ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు.

ఈ ఊళ్ళో నిన్న ఏదో పెద్ద పండగ తల్లీ. పొద్దున్నే బస్సు కదిలేటప్పుడు చూశాను, చర్చి గోపురంలో గంటలు పిచ్చెక్కినట్టు ఊగుతున్నాయి. పిల్లలందరికీ కొత్త చెప్పులు. మిఠాయి కొట్టు అద్దాల వెనక బాదంపిండితో చేసిన గొర్రెపిల్లలు, మెడలో ఎర్ర జెండాలు. వీళ్ళ ఊరి పుణ్యాత్ముడెవరిదో ఉత్సవం అయి ఉంటుంది. ఇటలీలో ఊరికొక పుణ్యాత్ముడు, రోజుకొక ఉత్సవం అని ఎవాంథియా గారు ఎప్పుడో అన్నదిలే.

చీకటి పడ్డాక తిరిగొచ్చాం. ఇక్కడొక తమాషా జరిగింది, రాయకుండా ఉండలేను. గట్టు మీద మోకులు కట్టేవాడు ఒకడున్నాడు, నా వయసువాడే, బొద్దుగా ఉంటాడు. ఓడ వచ్చినరోజే ఒకరినొకరం గుర్తుపట్టేశాం. నా అరచేతులు చూపించాను, వాడివి చూపించాడు. ఒకే రకం కాయలు. భాష ఎందుకింక? నిన్న నేను బస్సు దిగుతుంటే వాడు పరుగెత్తుకొచ్చి నా చొక్కా పట్టుకుని గడగడా ఏదో చెప్పాడు. చెవులు చూపించి తల ఊపాను. అప్పుడు చేతులతో చెప్పాడు. జుట్టు పొడుగ్గా, నడుము ఇలా, ఆడమనిషి అని. తర్వాత నన్ను చూపించాడు. తర్వాత గుండె మీద చెయ్యి పెట్టుకున్నాడు. నా వెనకే ఎవాంథియా గారు దిగుతోంది! ఛీ, ముసలి కొంటెవాడా అనుకుని, నవ్వి, వాడి వీపు మీద ఒకటి చరిచి, సిగరెట్టు ఇచ్చాను. వాడు నవ్వలేదు. సిగరెట్టు మాత్రం తీసుకున్నాడు. తీసుకుని, కాగితంలో చుట్టిన పొట్లం ఒకటి నా చేతిలో పెట్టాడు. విప్పితే ఏముంది? బాదంపిండి గొర్రెపిల్ల! నీలం కళ్ళు, చక్కెర ఉన్ని.

చూశావా, మా కులంవాళ్ళ మర్యాద. ఎవడో ఊరూ పేరూ తెలియనివాడు తన పండగ మిఠాయి నాకిచ్చాడు. కళ్ళు చెమర్చాయి. ఉపవాసం కదా, తినలేదు. నీ తలగడ మీద నిలబెట్టాను. నువ్వొచ్చేదాకా నీ పడకకి అదే కాపలా.

మధ్యాహ్నం ఓడ బయలుదేరుతుంది. పొద్దున మోకులు సరిచూస్తూ వాడు నావైపు చాలాసేపు చూశాడు. చెయ్యి ఊపితే ఊపలేదు. అదొక్కటే అర్థం కాలేదు.

ఇదంతా నువ్వు చూపించిందే తల్లీ. సంతోషంతో పగిలిపోతున్నాను.

నీ నాన్న

*

జెనోవా
9 ఏప్రిల్ 1985
(నాపొలి రేవులో ఓడ ఏజెంటుకి)

నాన్నా,

రైలు నుంచి దిగి నేరుగా గదికి వచ్చేసరికి నీ కోర్ఫూ ఉత్తరం తలుపు కింద ఉంది. నిలబడే చదివాను.

నేను సిరాకూసా వచ్చాను. పగలూ రాత్రీ రైల్లో కూర్చుని ఈస్టరు ఆదివారం నాడు గట్టు మీదికి వచ్చాను. ఇరీని ఓడ ఉంది. నువ్వు లేవు. ఓడ మెట్ల దగ్గర కాపలావాడు, "అందరూ శిథిలాలు చూడ్డానికి పోయారమ్మా, చీకటి పడితేగాని రారు" అన్నాడు. గట్టు మీద మోకులు కట్టే ముసలాయన ఒకడు నాకు పీట వేశాడు. మా నాన్న కూడా ఈ పనే చేసేవాడని చెప్పాను. వెంటనే గుర్తుపట్టాడు. "చెవిటాయనేగా? ముందు సీట్లో కూర్చుని పాడుకుంటూ వెళ్ళాడమ్మా, చాలా హుషారుగా ఉన్నాడు" అన్నాడు.

నా రైలు టైము అయ్యేదాకా ఆ పీట మీదే ఉన్నాను. ఊరంతా కుటుంబాలు కుటుంబాలుగా భోజనాలకి వెళ్తున్నారు. ఆ ముసలాయన భార్య గిన్నెలో అన్నం పంపింది, అలాగే తిరిగి ఇచ్చేశాను. నీకోసం కొన్న బాదంపిండి గొర్రెపిల్లని ఆయన చేతిలో పెట్టి వచ్చేశాను.

ఇప్పుడు నీ ఉత్తరం చదివితే, పండగ రోజు గుంజలా కదలనని ఒక చోట రాశావు. ఆదివారం బస్సెక్కుతానని ఇంకో చోట రాశావు. రెండూ ఒకే కాగితం మీద. కోపం లేదు నాన్నా. తోడు దొరికింది, నవ్వుతున్నావు, పాడుతున్నావు. అందుకేగా పంపించాను. నీకు దిగులుగా ఉంటుందేమో అని నేను పడిన బెంగ అనవసరం అయింది, అంతే. అది మంచిదేగా.

నాపొలికి రాలేను. సెలవు అయిపోయింది.

ఎవాంథియా గారికి నా నమస్కారాలు చెప్పు. ఆవిడ పేకాటలో తొండి చేస్తే చేయనీ, గెలవనిస్తే ఇంకా మంచి మనిషి అవుతుంది.

నీ ఆరోగ్యం చూసుకో. నా పడక మీద టోపీ పెట్టుకో.

అనేజా

*

నాపొలి రేవు
14 ఏప్రిల్ 1985, ఆదివారం

అనేజా తల్లికి,

క్రీస్తు లేచాడు! పండగ ముద్దులు!

గట్టు మీద కూర్చునే రాస్తున్నాను, మోకు చుట్ట మీద. పొద్దున్నే వచ్చేశాను. నీలం సూటు వేసుకున్నాను, నువ్వు దూరం నుంచి చూసినా తెలియాలని భుజాలు చక్కగా పెట్టుకుని నిలబడ్డాను. కాసేపటికి మోకాళ్ళు వినలేదు, కూర్చున్నాను. కూర్చున్నా భుజాలు చక్కగానే ఉన్నాయి.

మొన్న గురువారం స్ట్రాటిస్ వంటింట్లో ఉల్లిపొట్టుతో గుడ్లు ఎర్రగా ఉడికించాం. నావి రెండు ఏరి పక్కన పెట్టుకున్నాను, ఒకటి నీకు, ఒకటి నాకు. ఇందాక మధ్యాహ్నం అందరూ బల్ల దగ్గర గుడ్లు కొట్టుకున్నారట. స్ట్రాటిస్ వంటింటి కిటికీలోంచి అరుస్తూ చేతులు ఊపాడు, "లినార్దో బాబాయ్, రా, నా గుడ్డుతో కొట్టు!" అని. రానని చెయ్యి ఊపాను. ఈ గుడ్లు జేబులో ఉన్నాయి, వెచ్చబడిపోయాయి.

రైలు ఆలస్యం అయి ఉంటుంది. ఇటలీ రైళ్ళు కదా.

గట్టు మీద జనం బాగానే ఉన్నారు. మామూలు ఆదివారంలాగే ఉంది, చేపలు పట్టుకునేవాళ్ళు, ఐస్‌క్రీం తినేవాళ్ళు. పండగ ముఖం ఒక్కళ్ళకీ లేదు. పెద్ద ఊళ్ళో భక్తి తక్కువ అనుకుంటా. దూరంగా ఎర్ర కోటు వేసుకున్న ఆడపిల్ల కనపడితే లేచాను. నువ్వు కాదు. ఆకుపచ్చ కోటు వస్తే లేచాను. నువ్వు కాదు. ఆ తర్వాత కోటు రంగు చూడ్డం మానేసి అందరికీ లేస్తున్నాను.

సూర్యుడు కొండ వెనక్కి వెళ్ళిపోయాడు. ఇంకా చూస్తాను.

*

నాపొలి స్టేషను
15 ఏప్రిల్ 1985, సోమవారం

తల్లీ అనేజా,

నిన్నటి కాగితం ఇందులోనే పెడుతున్నాను. దాని కింద సంతకం పెట్టే ఓపిక లేకపోయింది.

నిన్న సాయంత్రం ఎవాంథియా గారు నా దగ్గరికి దిగొచ్చింది. మోకు చుట్ట మీద నా పక్కన కూర్చుంది. "రాలేదా?" అని అడిగింది. "దారిలో ఉంది" అన్నాను. "ఏ రోజుకి వస్తానంది?" "పండక్కి." "ఏ పండక్కి?" "ఏ పండగేమిటండీ, ఈస్టరుకి! ఎన్ని ఈస్టర్లు ఉంటాయి?"

ఆవిడ నా ముఖంలోకి చూసి కేకేసింది. చేపలు పట్టేవాళ్ళు కూడా వెనక్కి తిరిగారు.

"ఓరి నా తండ్రీ! పోపు మనిషివి నువ్వు! పోపు పండగ ఎప్పుడో నీకే తెలియదా? వీళ్ళ ఈస్టరు పోయిన ఆదివారం అయిపోయిందయ్యా. సిరాకూసాలో! మనం బస్సెక్కిన రోజు!"

"అదెట్లాగండీ, మా సీరోస్‌లో పోపు చర్చికీ గ్రీకు చర్చికీ ఒకే రోజు కదా" అన్నాను.

"అది మీ సీరోస్‌లో! మీ బిషపులు మీ ఇరుగుపొరుగుల కోసం కలిపారు. లోకమంతా కలిపారనుకున్నావా, మొద్దూ?"

అనుకున్నాను తల్లీ. నిజంగా అనుకున్నాను. నువ్వు ఊరు విడిచి వెళ్ళాక కదా కలిపారు. ఆ మొదటి ఏడాది రెండు చర్చిల గంటలూ ఒకేసారి కొట్టినప్పుడు అమ్మ చేతిలో గరిటె వదిలేసి ఏడ్చింది. ఇంతకాలానికి ఒకే రోజు ఇద్దరం ఒకే బల్ల దగ్గర మాంసం తింటున్నాం అని. అంత గొప్ప సంగతి మన ఒక్క దీవిలోనే జరిగిందని నాకెలా తోస్తుంది? అమ్మ ఏడ్చిందంటే పోపు కూడా ఏడ్చే ఉంటాడనుకున్నాను. అప్పట్నుంచీ నాకు ఒకటే పండగ, అమ్మ పండగ. నీకేమో ఇంకా నా పాత పండగే గుర్తుంది. నువ్వు నా రోజుకి వచ్చావు. నేను అమ్మ రోజుకి నిలబడ్డాను.

ఈ ఉదయం ఏజెంటు ఆఫీసు తెరిచారు. నీ ఉత్తరం ఇచ్చారు. అక్కడ చదవలేకపోయాను, గదికి పోయి నీ పడక అంచున కూర్చుని చదివాను. గొర్రెపిల్ల నీ తలగడ మీద నిలబడి నన్నే చూస్తోంది. వారం రోజులు దానికి గుడ్ మార్నింగ్ చెప్పానే తల్లీ. నువ్వు నీ చేత్తో కొన్నది. నీ కోసమని నీ పడక మీదే దాచాను. సిరాకూసా మోకులవాడు జుట్టు, నడుము, గుండె చూపించి నాతో చెప్పింది నీ సంగతి. నేను వాడి వీపు చరిచి నవ్వాను. వాడు చెయ్యి ఎందుకు ఊపలేదో ఇప్పుడు తెలిసింది.

ఇంకో మాట. నేను హుషారుగా ఉన్నానని రాశావు. నువ్వు పంపిన ఓడ కదా, దిగులుగా ఉన్నానని ఎలా రాయను? పేకాట నిజమే, పాటలు నిజమే. కానీ పాట అయ్యాక అందరూ ఒకరి చెవిలో ఒకరు మాట్లాడుకుంటారు. నేను పెదవులు చూస్తూ కూర్చుంటాను, అవి కదలడం ఆగితే నవ్వుతాను. ఊళ్ళన్నీ బ్రహ్మాండం. చూసి పక్కకి తిరిగి "చూశావా" అనబోతే, ఆ పక్కన ఇత్తడి కడ్డీ ఉంటుంది. అంతే తల్లీ. అది రాస్తే నువ్వు కుట్టుకునే తెరచాప మీద కన్నీళ్ళు పడతాయని రాయలేదు. రాయనందుకు నేను నిన్ను మరిచి నవ్వుకుంటున్నాననుకున్నావు.

ఓడ మధ్యాహ్నం వెనక్కి బయలుదేరింది, మెస్సీనా మీదుగా పిరయస్‌కి. పెట్టె సర్దుకుని దిగిపోయాను. కప్తాను, "ఇంకా రేవులు మిగిలి ఉన్నాయి, ఎందుకు దిగుతారు?" అని అడిగితే, "నాకు కావలసిన రేవు ఈ కాగితంలో లేదండీ" అన్నాను. ఇక్కడి మోకులవాళ్ళకి నా అరచేతులు చూపించాను. నవ్వి పక్కకి జరిగారు. ఇరీని మోకు నేనే విప్పాను తల్లీ. గుంజ మీంచి ఎత్తి నీళ్ళలోకి వదిలాను. నా చేత్తో వదిలిన ఓడలన్నీ నన్ను గట్టు మీద పెట్టి పోయినవే. ఇదొక్కటే నేను పంపించింది.

చెయ్యి ఊపాను. ఈసారి ఓడంతా తిరిగి ఊపింది. ఎవాంథియా గారు కడ్డీ మీదికి వంగి, "నీ టోపీ మర్చిపోయావు, మూర్ఖుడా!" అని గట్టు మీదికి విసిరింది. అంత దూరం నుంచీ వినపడింది. నీ పడక మీద ఉండిపోయిన టోపీ అది. ఇవాళ ఉదయం నువ్వు చెప్పావని మొదటిసారి పెట్టాను, పెట్టి మర్చిపోయాను.

జెనోవా రైలుకి టికెట్టు తీసుకున్నాను. బల్ల మీద నా పక్కన కూర్చున్న ముసలమ్మకి నీ చిరునామా చూపిస్తే నాలుగు వేళ్ళూ బొటనవేలూ చూపించి పైకి చూసింది. ఐదో అంతస్తు అని అర్థం అనుకుంటా. ఎక్కుతాను. మెల్లిగా ఎక్కుతాను. గుడ్లు రెండూ జేబులో ఉన్నాయి. గొర్రెపిల్ల చెవి ఒకటి విరిగింది, తప్పు నాదే, కండువాలో చుట్టాను. నీ పండగ అయిపోయింది, అమ్మ పండగా అయిపోయింది. ఇవాళ సోమవారం. నువ్వు తలుపు తీసిన రోజే మన ఈస్టరు, ఏ బిషపునీ అడగక్కర్లేదు.

ఈ ఉత్తరం స్టేషను డబ్బాలోనే వేస్తున్నాను. ఇది నాకంటే వెనక వస్తుంది. వచ్చాక నువ్వే నా చెవి దగ్గర కూర్చుని గట్టిగా చదివి వినిపించు. ఏమీ తెలియనివాడిలా వింటాను.

నీ నాన్న